జోహరాపురం ఫిరంగి గుండు, ఒక టెలిస్కోపు, కొసరుగా వచ్చిన బిళ్ళ

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ వేదికను చదువుతున్నాను గాని, రాయడం ఇదే మొదటిసారి. పోయిన ఆదివారం కర్నూలులో ఒక పాత ఇనుప సామాన్ల అంగడిలో మూడు వస్తువులు కొన్నాను. పెద్దది ఇనుప గుండు, బరువు 4.1 కిలోలు. జోహరాపురంలో పునాదులు తవ్వుతుంటే బయటపడిందనీ, 1839 యుద్ధం నాటి ఫిరంగి గుండనీ అంగడి యజమాని చెప్పాడు. రెండోది ఇత్తడి టెలిస్కోపు, మూడు మడతలది, తోలు పెట్టెతో సహా. ఈ రెండింటికీ కలిపి 7,500 ఇచ్చాను. వచ్చేస్తుంటే పిలిచి, రంగు రిబ్బను కట్టిన ఒక వెండి రంగు బిళ్ళ చేతిలో పెట్టాడు. కొసరట.

ఫొటోలు పెడుతున్నాను. నాకు ముఖ్యంగా గుండు సంగతి కావాలి. అసలుదేనా?

చెకుముకి (నంద్యాల)

వాన పడగానే తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికే సీమ మనది. గుండు అసలుదో కాదో గాని, ఆశ మాత్రం అసలుదే అన్నా.

నల్లరేగడి (ఆదోని)

నవ్వకండి. జోహరాపురం పేరు చెప్పి ఎవరైనా గుండు అమ్మితే నేను ముందు కూర్చుని వింటాను. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ యుద్ధానికి సిద్ధమవుతున్నాడని ఈస్టిండియా కంపెనీకి అనుమానం వచ్చింది. కోటను సోదా చేస్తే ఫిరంగులు, మందుగుండు గుట్టలుగా దొరికాయి, జనానాలో కూడా. 1839 అక్టోబరు 18న జోహరాపురంలో పోరు జరిగింది. నవాబును తిరుచినాపల్లికి పంపించారు. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. అంత ఇనుము పోగైన ఊళ్లో ఒక గుండు దొరకడం వింత కాదు.

ఇంకో మాట. ఆనాటి ఫిరంగులను గుండు బరువుతో పిలిచేవారు, ఆరు పౌన్లది, తొమ్మిది పౌన్లది అని. తొమ్మిది పౌన్లంటే 4.08 కిలోలు. మీ గుండు 4.1. లెక్క సరిపోయింది! నా ఓటు అసలుదానికే.

గుత్తి_మెట్లు (గుత్తి, అనంతపురం)

నల్లరేగడి గారు చరిత్ర సరిగ్గానే చెప్పారు. కాని చరిత్ర నిజమైనంత మాత్రాన గుండు నిజం కాదు. అమ్మేవాడు మొదట అమ్మేది కథనే, వస్తువు దాని వెనక వస్తుంది. నేను ముప్పై ఏళ్ల కిందట ‘మన్రో దొర కత్తి’ కొన్నవాణ్ణి. మద్రాసు గవర్నరు మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు, మొదట మా గుత్తిలోనే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకెళ్లారు. కథంతా నిజమే. కత్తి పిడి దగ్గర అరగదీసిన మచ్చ ఉంటే భూతద్దంతో చూశాను. ‘ఇండియా’ అనే ఇంగ్లీషు మాటలో చివరి మూడు అక్షరాలు మిగిలి ఉన్నాయి. దాని ముందు ఏముండేదో మీరే ఊహించుకోండి.

తుంగభద్ర గట్టు గారూ, మూడు పనులు చేయండి. గుండు వ్యాసం మిల్లీమీటర్లలో కావాలి, కనీసం నాలుగు వైపుల నుంచి. టెలిస్కోపు మీద రాసిందంతా అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ రాయండి. బిళ్ళ బొమ్మ వైపు ఎవరైనా ఫొటో తీస్తారు, నాకు దాని అంచు కావాలి, చుట్టూతా. ఇంట్లో ఎవరూ దాన్ని చింతపండుతో తోమకుండా చూసుకోండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

లేతు మిషను అంగడిలో మిత్రుడి దగ్గర వెర్నియర్ కాలిపర్ అడిగి తెచ్చాను. గుండు ఎటు తిప్పినా 100 మిల్లీమీటర్లే. ఒక చోట మాత్రం 99.8 వచ్చింది.

టెలిస్కోపు మీద ‘విక్టోరియన్ మెరైన్ టెలిస్కోప్, లండన్ 1915’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంది. బిళ్ళ అంచు ఫొటో పగటి వెలుతురులో తీసి పెడతాను.

గుత్తి_మెట్లు (గుత్తి, అనంతపురం)

టెలిస్కోపు సంగతి తేలిపోయింది. విక్టోరియా రాణి 1901 జనవరిలోనే పోయింది. 1915లో రాజు అయిదో జార్జి. పైగా ఆ రోజుల్లో ఎవరూ తమ సరుకు మీద ‘విక్టోరియా కాలపుది’ అని చెక్కుకోరు. అది తర్వాతివాళ్లు పెట్టే పేరు. మన నాయనమ్మల నగల మీద ‘పాతకాలపు నగ’ అని చెక్కి ఉంటుందా? సరిగ్గా ఇదే రాతతో దేశమంతటా అలంకార వస్తువుల అంగళ్లలో దొరుకుతాయి. పిల్లలకు ఇవ్వండి, చంద్రుణ్ణి బాగానే చూపిస్తుంది.

తుపాకులలోనూ ఇదే కిటుకు. కిరీటం కింద వి.ఆర్. (విక్టోరియా రాణి ముద్ర) అక్షరాలు ఉండి, పక్కన 1901 తర్వాతి సంవత్సరం కనిపిస్తే ఇక ముందుకు చూడనక్కర లేదు. ఖైబర్ వైపు సరిహద్దు కొండల్లో తయారైన నకలు తుపాకుల మీద, బ్రిటిష్ ఫ్యాక్టరీ పేరైన ‘ఎన్‌ఫీల్డ్’ అనే మాటలో ఎన్ అక్షరం తిరగబడి ఉండటం కూడా మామూలే. చెక్కినవాడికి ఇంగ్లీషు రాదు, చూసి గీశాడు.

పెన్నా_ఇసుక (ఎర్రగుంట్ల, కడప)

గుండు ఫొటో చూడగానే నవ్వొచ్చింది, క్షమించాలి. సిమెంటు మిల్లులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఇలాంటివి టన్నుల లెక్కన చూశాను. బాల్‌మిల్లు అంటే పెద్ద ఇనుప పీపా, అందులో ఉక్కు గుండ్లు పోసి తిప్పితే అవి దొర్లుతూ, పడుతూ సున్నపురాయిని, క్లింకరును (సిమెంటు కోసం కాల్చిన గడ్డలను) పిండి చేస్తాయి. ఆ గుండ్లు 60, 70, 80, 90, 100 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. అరిగినవాటిని తీసేస్తారు. అవి పాత ఇనుముకు పోతాయి. కడప, కర్నూలు చుట్టూ సిమెంటు మిల్లులు, ముగ్గురాయి మిల్లులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

ఇక నల్లరేగడి గారి తొమ్మిది పౌన్ల లెక్క. అది నన్ను కూడా కాసేపు ఆలోచనలో పడేసింది, అందుకే కాగితం మీద వేసి చూశాను. 100 మిల్లీమీటర్ల గోళం ఘనపరిమాణం దాదాపు 524 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత 7.8. గుణిస్తే 4.08 కిలోలు. అంటే 100 మిల్లీమీటర్ల మిల్లు గుండు బరువు సరిగ్గా తొమ్మిది పౌన్లే! మోసం చేయాలని ఎవరూ చేయలేదు, లెక్క అలా కుదిరిందంతే. కాని ఆనాటి ఫిరంగి గుండు పోత ఇనుము. దాని సాంద్రత 7.2 ప్రాంతం. ఉక్కు కన్నా తేలిక గనక అదే తొమ్మిది పౌన్లు తూగాలంటే గుండు కాస్త పెద్దదై ఉండాలి, దాదాపు 103 మిల్లీమీటర్లు. బరువొక్కటే చూస్తే మోసపోతాం, వ్యాసమొక్కటే చూసినా మోసపోతాం. రెండూ కలిపి చూడాలి. మీది 100, పైగా అన్ని వైపులా ఒకటే.

ఇంకో గుర్తు. పాత గుండు రెండు సగాల అచ్చులో పోసింది. నడుము చుట్టూ సన్నటి అతుకు గీత, ఇనుము పోసిన చోట చిన్న మచ్చ వెతికితే కనబడతాయి. నూట ఎనభై ఏళ్లు మట్టిలో ఉంటే పొరలు పొరలుగా తుప్పు లేస్తుంది, గుంటలు పడుతుంది. మీ గుండు అద్దంలా ఉంది.

నల్లరేగడి (ఆదోని)

పెన్నా ఇసుక గారికి దండం. ఓటు వెనక్కి తీసుకుంటున్నాను.

నేనింత తొందరగా ఎందుకు ఒప్పుకుంటున్నానో కూడా చెప్తాను. నాలుగేళ్ల కిందట మా బంధువు ఒకాయన ‘రైస్ పుల్లింగ్’ చెంబు కోసం పొలం అమ్మబోయాడు. ఈస్టిండియా కంపెనీ నాటి రాగి, పిడుగు పడిన లోహం, బియ్యం గింజల్ని లాగుతుందట. చేతిలో సాక్ష్యంగా ఒక రాగి నాణెం, 1818 అర్ధణా, ఒక వైపు కంపెనీ పేరు, మరో వైపు రామ పట్టాభిషేకం. కంపెనీ అలాంటి అర్ధణా ఎప్పుడూ ముద్రించలేదు. మద్రాసు టంకశాలలో వేంకటేశ్వరుడు, ఇద్దరు దేవేరులు ఉన్న బంగారు వరహాలు మాత్రం కొట్టారు, మూడు స్వాముల వరహా అంటారు. ఆ నిజపు తోకను పట్టుకునే ఈ అబద్ధాలన్నీ నడుస్తాయి. రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం దగ్గర ఆపి వెనక్కి తీసుకొచ్చాను మా బంధువును. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

నిర్వాహకుడు

చర్చ బాగుంది. కొత్తవారు అడుగుతున్నారు గనక ఒకసారి చెప్పేస్తాను. నేలలో దాగి ఉన్నది పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 చట్టం ఉంది. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడం, దేశం దాటించడం తప్పు. కత్తులు, బాయినెట్లు, తుపాకులకు 1959 ఆయుధాల చట్టం వర్తిస్తుంది. బాగుచేసినా పేలే అవకాశం లేని పాత తుపాకికి మినహాయింపు ఉంది గాని, ‘ఇది పేలదు’ అని తేల్చాల్సింది మీరు కాదు. ఈ వేదికలో తుపాకుల అమ్మకం ప్రకటన పెడితే తీసేస్తాం.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

7,500 రూపాయలకు మిల్లు గుండు, బొమ్మ టెలిస్కోపు. మా ఆవిడ ఇంకా ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది.

బిళ్ళ ఫొటోలు పెడుతున్నాను. ఒక వైపు రాజు తల, టోపీ గాని కిరీటం గాని లేదు. రెండో వైపు గుర్రం మీద బట్టలు లేని మనిషి, గుర్రం కాళ్ల కింద డాలు, పుర్రె. 1914, 1918 అని అటూ ఇటూ. పైన కొక్కెం బదులు చిన్న వలయం అతికించి ఉంది, దానికే రిబ్బను కట్టారు. అంచు మీద అక్షరాలున్నాయి గాని బాగా అరిగాయి. అక్షరాల గుంటల్లో ఎర్రగా ఏదో ఉంది. తుప్పేమో. గీకనా?

గుత్తి_మెట్లు (గుత్తి, అనంతపురం)

గీకకండి! దేవుడి పేరు చెప్పి అడుగుతున్నాను, సూది దాని దగ్గరకు తీసుకెళ్లకండి. వెండికి ఎర్ర తుప్పు రాదు. అది కుంకుమ.

ఇది మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్. వెండిది, 36 మిల్లీమీటర్ల వ్యాసం. కూలీ దళాలవారికి ఇదే అచ్చుతో కంచుది ఇచ్చారు. అసలు పతకానికి పైన కదలని అడ్డపట్టీ ఉంటుంది, అందులోంచి రిబ్బను దూరుతుంది. నడుమ నారింజ రంగు, తెలుపు, నలుపు, అంచుల్లో నీలం. మీ ఫొటోలో రిబ్బను ఏడు రంగుల ఇంద్రధనుస్సు. అది విక్టరీ మెడల్‌ది, ఈ బిళ్ళది కాదు. రిబ్బను అంగడిలో తగిలించారు. అడ్డపట్టీ కోసేసి వలయం అతికించింది మాత్రం పాత పని, అతుకు దగ్గర నలుపు చూడండి.

అంచును కాలిపర్‌తో కొలవండి. పాత పేరు చెరిపి కొత్త పేరు కొట్టాలంటే అంచును అరగదీయాలి. అప్పుడు వ్యాసం తగ్గుతుంది, లేదా అక్షరాలున్న చోట పల్లంగా ఉంటుంది. పోత నకలైతే చల్లారేటప్పుడు కుంచించుకుపోయి కాస్త చిన్నదవుతుంది. భూతద్దంలో చూస్తే సబ్బు బిళ్ళలా బొమ్మ మొద్దుబారి, సన్నటి బుడగల గుంటలు కనిపిస్తాయి.

గీటురాయి (ప్రొద్దుటూరు)

మా వీధిలో ఎవరికి చూపించినా ముందు గీటురాయి మీద రాస్తారు. నా పేరే అది గాని, ఈ విషయంలో నా మాట వినండి, రాయనివ్వకండి. గీత పడితే పోయిన అక్షరం తిరిగి రాదు. నీళ్లతో తేల్చుకోవచ్చు.

నగల కాటా, పాయింటు చూపేది, ఎవరి దగ్గరైనా ఉంటుంది. ముందు బిళ్ళ బరువు రాసుకోండి. తర్వాత కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకు, గోడకు తగలకూడదు. కాటా ఎంత చూపిస్తే అంత. మొదటి బరువును దానితో భాగించండి. నూటికి 92.5 పాళ్ల వెండి అయితే 10.3, 10.4 దగ్గర వస్తుంది. జర్మన్ సిల్వరు, కంచు అయితే తొమ్మిది లోపే ఆగిపోతుంది. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, దారాన్ని ఒకసారి మెల్లగా కదపండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

చేశాను. మా వీధిలోని నగల అంగడిలో, మూసేవేళకు వెళ్లి. బరువు 28.1 గ్రాములు. నీళ్లలో వేలాడదీస్తే కాటా 2.7 చూపించింది. భాగిస్తే 10.4! అంగడాయన కూడా రెండోసారి తనే చేసి చూసుకున్నాడు. వ్యాసం 36, అంచు చుట్టూ ఒకేలా ఉంది, పల్లం ఎక్కడా లేదు.

పక్కనే బట్టల అంగడిలో దొంగనోట్లు చూసే నీలి దీపం ఉంటే, దాని కింద రిబ్బను పెట్టాం. ట్యూబులైటులా వెలిగింది.

గుత్తి_మెట్లు (గుత్తి, అనంతపురం)

అలా వెలిగేది బట్టకు తెల్లదనం కోసం కలిపే రసాయనం. మొదటి యుద్ధం నాటి రిబ్బనులో అది ఉండదు. పాత బట్టను ఇప్పటి సబ్బు పొడితో ఉతికినా వెలుగుతుంది, కాబట్టి ఒక్క దీపంతో తీర్పు చెప్పను. ఇక్కడ రంగులే తప్పు గనక అనుమానం లేదు. రిబ్బను తీసేయండి.

ఇప్పుడు అక్షరాలు. వెలుతురు ఒక పక్క నుంచి పడేలా పెట్టి, బిళ్ళను మెల్లగా తిప్పుతూ ఫొటోలు తీయండి. సైనికుడి పేరు మాత్రం ఇక్కడ రాయవద్దు. కుటుంబం ఉండవచ్చు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

మొదట నాలుగు అంకెలు, తర్వాత ‘శాపర్’, తర్వాత పేరు, చివర ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’ అని ఉంది. నాకు అర్థం కాలేదు.

మాజీ_హవల్దార్ (రాయచోటి)

నాకు అర్థమైంది. నా పటాలమే అది. సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్. ఈ రోజు బెంగళూరులో ఉన్న మద్రాసు ఇంజనీర్ గ్రూప్. మమ్మల్ని ఇప్పటికీ తంబీలనే పిలుస్తారు, తెలుగువాళ్లమైనా సరే. వంతెనలు కట్టడం, దారులు వేయడం, అవసరమైతే పేల్చేయడం మా పని. ఆ యుద్ధంలో మావాళ్లు మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, నదుల మీద పనిచేశారు.

చనిపోయినవారి పేర్లయితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో వెతకవచ్చు. బస్రాలో ఒక స్మారకం, ఫ్రాన్స్‌లో నవ్ షపెల్ దగ్గర ఒకటి, ఢిల్లీలో ఇండియా గేటు మీద పదమూడు వేలకు పైగా పేర్లు. ఈయన అందులో లేకపోతే సంతోషించండి, ఇంటికి తిరిగొచ్చాడన్నమాట. కుంకుమ ఉందంటే ఇల్లు చేరినట్టే.

అంగడాయనను నిలదీయండి, ఏ ఊరి నుంచి వచ్చిందో. ఆ ఊరికి వెళ్తే పేరు మీరు ముందు చెప్పకండి. వాళ్ల నోటి నుంచి రానివ్వండి.

చెకుముకి (నంద్యాల)

అన్నా, విలువ ఎంత ఉంటుంది? విదేశీ సైటులో ఇలాంటివి అమ్ముతున్నారు.

గుత్తి_మెట్లు (గుత్తి, అనంతపురం)

అడ్డపట్టీ పోయింది, అక్షరాలు అరిగాయి. పాత వస్తువులు కొనేవాడు వెండి విలువకు కాస్త ఎక్కువ ఇస్తాడు, అంతే. విదేశానికి పంపే ఆలోచన ఉంటే నిర్వాహకుడు పైన రాసింది మళ్లీ చదువు తమ్ముడూ.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఆలస్యానికి క్షమించాలి, మూడు వారాలు పట్టింది. అంగడాయన నోరు విప్పడానికే వారం. పాత సామాన్లు కొనే సైకిలు మనిషి ఒకతను పత్తికొండ వైపు ఒక పల్లె నుంచి ఇత్తడి బిందెలతో పాటు తెచ్చాడట.

వెళ్లాను. ఇంట్లో తొంభై ఏళ్ల అవ్వ ఉంది. బిళ్ళ జేబులోనే ఉంచుకుని, ‘మీ ఇంట్లో ఎవరైనా మిలిటరీలో పనిచేశారా’ అని మాత్రం అడిగాను. ‘మా మామ. తెల్లదొరల కాలంలో ఓడెక్కి పోయి వచ్చినాయన’ అంది. పేరేమిటంటే చెప్పదు. మామ పేరు కోడలు పలకకూడదు కదా. ఎనిమిదో తరగతి చదివే మునిమనవణ్ణి పిలిచి, ‘నువ్వు చెప్పురా’ అంది. వాడు చెప్పాడు. అంచు మీదున్న పేరే! ఇంటిపేరు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో కాస్త వంకర పోయింది, అంతే.

నేను ఇంకా ఏమీ చూపించకముందే ఆమె అడిగింది, ‘రాజు బిళ్ళ గాని దొరికిందా?’ అని. దసరాకు కొడవళ్లతో పాటు దానికీ బొట్టు పెట్టేవారట. చింతపండుతో తోమేవారట (గుత్తి మెట్లు గారూ, మన్నించండి). పెద్ద కొడుక్కు జ్వరాలు వస్తుంటే, కంసాలి దగ్గర పైపట్టీ కోయించి వలయం వేయించి, మొలతాడుకు కట్టిందట. బిందెల్లో పడి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

అంచు మీద పేరుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పూల నగిషీ అనుకున్నారు. పిల్లవాడు వాకిట్లో ఎండకు పట్టుకుని ఒక్కో అక్షరం చదువుతుంటే, అవ్వ వాడి చేతిలోంచి తీసుకుని వేలితో అంచు తడుముతూ కూర్చుంది. తర్వాత కొంగున ముడేసుకుంది. ‘ఎంతకు కొన్నావు నాయనా’ అంటే, కొసరుగా వచ్చిందన్నాను. ‘అయితే నీకూ కొసరు ఉండాలి గదా’ అని సంచీ నిండా వేరుశనగ కాయలు పోయించింది.

అంచు ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. హవల్దారు గారికి విడిగా పంపుతాను.

మాజీ_హవల్దార్ (రాయచోటి)

పంపండి. నంబరు ఉంది గనక పటాలంలో పెద్దలను అడిగి చూస్తాను. ఆ పిల్లవాడి చదువు ఎలా ఉందో కూడా కనుక్కోండి.

పెన్నా_ఇసుక (ఎర్రగుంట్ల, కడప)

తుంగభద్ర గట్టు గారూ, గుండు అమ్మేస్తారా? మా ఇంట్లో నిమ్మకాయ ఊరగాయ జాడీ మీద పెట్టడానికి బరువు కావాలి. పాత ఇనుము ధర ఇస్తాను.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

కుదరదండీ. మా ఆవిడ ఇప్పటికే తలుపుకు అడ్డం పెట్టేసింది.